గంధపుకోన విద్యాపీఠం

పూర్వం ఒక రాజ్యంలో గురుకులాలకు మంచిచెడ్డలను బట్టి స్థానాలు నిర్ణయించే అధికారి శ్రీగిరిభట్టు. ఆయన ఇల్లు కదలకుండానే జాబితా రాసి రాజుకు ఇచ్చాడు. అందులో చిట్టచివర ఏటిగట్టు గురుకులం ఉంది. చివరిదాన్ని మూసేయమని రాజు ఆజ్ఞ.

అక్కడ వంట చేసే మంగాయమ్మకు కడుపు మండింది. నేరుగా సభకు వెళ్లి, "అయ్యా, గంధపుకోన విద్యాపీఠాన్ని మరిచిపోయారేం?" అని భట్టును అడిగింది.

తెలియదని చెప్పడం భట్టుకు నామోషీ. "అవునవును, పొరపాటైంది. అక్కడి గురువులు ఉద్దండులు. ప్రభూ, దానికి మూడో స్థానం" అన్నాడు.

"తమరు వెళ్లి చూశారా?" అని ఆమె అడిగింది.

"రెండుసార్లు!"

మంగాయమ్మ రాజుకు దండం పెట్టింది. "ప్రభూ, ఆ పేరు ఈ పొద్దున పప్పు రుబ్బుతూ నేను కల్పించాను. అలాంటి బడి ఎక్కడా లేదు. మా బడిని కూడా ఈయన ఇలాగే చూశారు."

రాజు జాబితా చించేశాడు. "ప్రతి గురుకులంలో నెలరోజులుండి, పాఠాలు విని, అప్పుడు రాయండి. ముందు ఏటిగట్టుకు వెళ్లండి" అని భట్టుతో అన్నాడు.

"పొద్దున్నే రండయ్యా, పిల్లల పక్కన మీకూ విస్తరి వేస్తాను" అంది మంగాయమ్మ.