రెండు అలుపులు

ప్రశ్న అడిగిన వాళ్ళకు చెన్నమ్మవ్వ వెంటనే జవాబు చెప్పిన రోజు లేదు. ముందు ఏదో ఒక పని చెప్పేది. చింతపండులో గింజలు తీయమనేది, పూజగది అలకమనేది, గొడ్లకు కుడితి పెట్టమనేది. పని సగంలో ఉండగానే కొందరికి జవాబు దొరికేది. మరికొందరు ప్రశ్ననే మరిచిపోయి, కడుపునిండా భోంచేసి ఇళ్ళకు పోయేవాళ్ళు. కాషాయం కట్టక ముందు ఆమె నలభై ఏళ్ళు రాయచోటి చుట్టుపక్కల పల్లెల్లో మంత్రసానిగా తిరిగిన మనిషి. తొందరపెడితే ఏదీ సవ్యంగా బయటికి రాదని ఆమెకు తెలుసు.

ఓబన్న అవ్వ మఠం చేరి మూడేళ్ళు కావస్తోంది. కట్టెలు కొట్టేవాడు, వాకిళ్ళు ఊడ్చేవాడు, భజనలో అందరికంటే వెనక కూర్చునేవాడు. ఒక్క పని మాత్రం ముట్టుకునేవాడు కాదు. మఠం బావి దగ్గర తాడు పట్టేవాడు కాదు. "మా ఓబన్న తానం చేయాలంటే ఆకాశంలో మబ్బు పట్టాల" అని వంట చేసే పుల్లక్క ఎగతాళి చేసేది. అతను నవ్వేవాడు కాదు, కోప్పడేవాడూ కాదు. అవ్వ అన్నీ చూసేది గానీ ఎందుకని అడగలేదు.

ఒక ఉదయం పూజ ముగిసి అందరూ లేచిపోయాక అతను ఒక్కడే అవ్వ ముందు కూర్చుండిపోయాడు.

"అవ్వా, చెయ్యి అలిసి పట్టు వదిలితే, వదిలింది చెయ్యా, మనిషా?"

అవ్వ అతని ముఖంలోకి చూసింది. "ఎవరు అడగమన్నారు ఈ మాట?"

"మా అక్క."

మూడేళ్ళుగా గొంతు దాటనిది ఆ పూట దాటింది. ఓబన్న తల వంచుకుని చెప్పుకుపోయాడు.

పూడిక తీయడానికి బావిలో దిగే మనిషి నడుముకు కట్టిన తాడును బావమరిది చేతికే ఇవ్వడం వాళ్ళ పల్లెలో వాడుక. అన్నదమ్ముల మధ్య పొలంగట్టు తగాదాలుండవచ్చు. బావమరిది మాత్రం తోబుట్టువు తాళిని పట్టుకున్నట్టే ఆ తాడు పట్టుకుంటాడని నమ్మకం. ఓబన్న ఎనిమిదేళ్ళు తన బావ కదిరప్పకు అలా తాడు పట్టాడు. ఆ ఎండాకాలం, మిగిలిన ఇద్దరు మనుషులూ దూరంగా చెట్టునీడకు సంగటి తినడానికి పోయిన వేళ, బావి లోపలి గోడ ఒక పక్కగా విరిగిపడింది. దిగే మెట్ల రాళ్ళు ఊడిపోయాయి. ఊట ఎగదన్ని అడుగంతా మనిషి మునిగే బురదైంది. కదిరప్ప తాడుకు వేలాడాడు. గిలక మీదుగా వచ్చిన ఆ తాడును పైన ఓబన్న ఒక్కడే పట్టాడు. పైకి లాగే బలం అతనికి చాలలేదు. ఉన్నచోట నిలిపే బలమే ఉంది. నిలిపి, మనుషుల కోసం కేకలు పెట్టాడు. వాళ్ళు చేలకడ్డంపడి పరుగెత్తి వచ్చేసరికి తాడు మొత్తం బావిలోకి పోయింది. గిలక ఒక్కటే తిరుగుతోంది.

నెలలు నిండుతున్న కడుపుతో అక్కడికి వచ్చిన అక్క సుంకమ్మ ఏడవలేదు. తమ్ముడి చేతులు రెండూ తీసుకుని అరచేతులు తిప్పి చూసింది. "జారిందా, వదిలినావా?" అని అడిగింది. తెలిస్తే చెప్పేవాడే. దినాలు ముగిసిన మర్నాడు ఇల్లు విడిచి వచ్చేశాడు.

తండ్రి ముఖం చూడని ఆ పిల్లకు ఇప్పుడు మూడో ఏడు. వచ్చే సోమవారం చెవులు కుట్టిస్తున్నారు. మేనమామ ఒడిలో కూర్చోబెట్టే కుట్టించాలి. సుంకమ్మ కబురు పంపింది: "పిల్లను నీ ఒళ్ళోనే కూచోబెడతా. ఆ పొద్దు అడిగినదానికి జవాబు తీసుకుని రా. లేకుంటే రావద్దు."

"ఏది చెప్పినా ఓర్చుకుంటుందంట అవ్వా. నిజమైతే చాలంట. ఆ నిజమే నాకు తెలియదు."

అవ్వ మోకాళ్ళ మీద చేతులాన్చి లేచింది. "పా, నీళ్ళు తోడుదువు గానీ."

మఠం వెనక బావి దగ్గర, తిరునాళ్ళకు పప్పు వండే గంగాళాన్ని తెప్పించి, కడియాల్లోంచి తాడు దూర్చి ఆమే ముడి వేసింది. ఓబన్న రెండడుగులు వెనక్కు జరిగాడు.

"అదొద్దవ్వా."

"అభిషేకానికి నీళ్ళు కావాల. పుల్లక్కకు నడుము పట్టింది. నాకు డెబ్బై మూడేళ్ళు. ఎవరు తోడాల, నందీశ్వరుడా?"

అతను తాడు అందుకున్నాడు. అరచేతులకు ఆ నార తగలగానే కళ్ళు మూసుకుని గంగాళాన్ని కిందికి వదిలాడు. గంగాళం మునిగి నిండింది. లాగుతుంటే గిలక కిర్రుమంది. సగం దూరం వచ్చాక అవ్వ చెయ్యెత్తింది.

"ఆపు. పైకి తీయొద్దు, కిందికి దించొద్దు. ఊరికే పట్టుకో."

ఆమె చాకిరేవు బండ మీద కూర్చుని జపమాల తీసింది. మొదట అతనికి కష్టమనిపించలేదు. కాసేపటికి మోచేతి కింది కండ రాయిలా బిగిసింది. మణికట్టు నుంచి మంట మొదలై భుజం దాకా పాకింది. వేళ్ళు సన్నగా వణికాయి. ఆ వణుకు తాడులోకి దిగి గంగాళంలో నీళ్ళు తొణికాయి. ఊపిరి పొట్టిదైపోయింది.

"ఇంక నాతో కాదవ్వా."

అవ్వ గొంతు పెంచలేదు. బావిలోంచి ఎవరో పిలిచినట్టు మెల్లగా అంది. "బామ్మర్దీ."

జారబోతున్న తాడు నిలిచిపోయింది. అంతవరకు ఎక్కడ దాగి ఉందో ఆ బలం, భుజంలోంచి వేళ్ళలోకి ఒక్కసారిగా దిగింది. ఓబన్న ఆమెను చంపేసేలా చూశాడు. చూస్తూనే పట్టుకున్నాడు. చాలాసేపు పట్టుకున్నాడు. ఈసారి నోటివెంట మాట రాలేదు. అవ్వ రెండోసారి పిలిచింది. బలం వచ్చింది, కొంచెమే. మూడోసారి పిలిచినప్పుడు అతనికి వినబడింది, మనసు పట్టుకోమనే అంది, వేళ్ళు వినలేదు. పరాయి మనిషి వేళ్ళైనట్టు అతని కళ్ళ ముందే ఒక్కొక్కటీ విచ్చుకున్నాయి. గిలక గిర్రున తిరిగింది. కింద నీళ్ళు పగిలిన చప్పుడు వినబడగానే అతను కూలబడి రెండు చెవులూ మూసుకోబోయాడు. చేతులు లేవలేదు.

అవ్వ వచ్చి పక్కన కూర్చుంది. అతని కుడిచేతిని ఒళ్ళోకి తీసుకుని మోచేతి నుంచి మణికట్టుకు నిదానంగా రుద్దసాగింది.

"నొప్పులు పడే ఆడది 'ఇంక నాతో కాదవ్వా' అంటాది. ఆ మాట వింటే నాకు ధైర్యం. అది నరం అలుపు. నరం ఇల్లాలి లాంటిదిరా, గింజలన్నీ అయిపోకముందే గాదె తలుపేస్తాది. పేరు పెట్టి పిలిస్తే మళ్ళీ తీస్తాది. మాట ఆగిపోయిన మనిషిని చూస్తేనే నాకు భయం. అది కండ అలుపు. దానికి చెవులుండవు. అట్ల నా చేతుల్లోనే పోయినోళ్ళు ఏడుగురు."

ఓబన్న రుద్దుతున్న ఆమె చేతినే చూస్తూ నోరు తెరిచాడు.

"నేను మాట అన్నానవ్వా. 'ఇంక నాతో కాదు బావా' అన్నాను. అన్నాకే వదిలినాను."

అవ్వ రుద్దుతూనే ఉంది.

"అంటే ఇంకా ఉండింది నా చేతుల్లో."

"ఉండింది" అంది అవ్వ. ఓదార్పు కోసం కూడా ఆమె ఆ మాటను మెత్తబరచలేదు.

అతని ముఖం బూడిద రంగుకు తిరిగింది. "ఇప్పుడు నువ్వు పిలిచినట్టు ఆయన ఒక్కసారి పిలిచి ఉంటే పట్టేవాణ్ణి. ఇంకొంచెం సేపటికి మనుషులు వచ్చేవాళ్ళు. పిలవలేదవ్వా. నేను ఆ మాట అన్నాక ఆయన నోరు తెరవలేదు."

"తెలివిలో ఉండినాడా?"

"ఉండినాడు. తలెత్తి పైకే చూస్తా ఉండినాడు."

"అప్పుడు నీ కాళ్ళు యాడ ఉండినాయి?"

ఈ మూడేళ్ళలో అతను తన చేతుల గురించి తప్ప ఆలోచించలేదు. కళ్ళు మూసుకుని వెతుక్కున్నాడు. తాడు ఈడ్చిన ఈడ్పుకు మడమలు మట్టిలో చాళ్ళు తీస్తూ ముందుకు పోవడం గుర్తుకొచ్చింది.

"బావి అంచు మీద" అన్నాడు, చాలా చిన్నగా. "సగం పాదాలు గాల్లో ఉండినాయి."

అవ్వ అతని చేతిని అతని ఒళ్ళోనే పెట్టి లేచి నిలబడింది.

"నువ్వు నీ చేతులు చూసుకున్నావు. ఆయన నీ కాళ్ళు చూసినాడు, అందుకే పిలవలేదు. మీ అక్కకు రెండూ చెప్పు."