తలల లెక్కన కూర

రాజులు పోయాక పల్లపుసీమ, కొండసీమ ఒకే దేశంగా బతుకుదామనుకున్నాయి. ఉమ్మడి శాసనం రాయడానికి పెద్దలంతా పందిరి వేసుకుని కూర్చున్నారు. రాత మాత్రం మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది.

"మా జనం ఎక్కువ. ఏ నిర్ణయమైనా తలల లెక్కనే జరగాలి," అన్నాడు పల్లపు పెద్ద రంగధామ నాయకుడు, మీసం దువ్వుతూ.

"అలాగైతే మేమెందుకు? సీమకో మాట, సమానంగా!" అంటూ కొండదొర సింగన్న మూట కట్టేశాడు.

వంటమనిషి గవరమ్మ నాయకుణ్ణి అడిగింది. "ఇవాళ్టి కూర కూడా తలల లెక్కనేనా అయ్యా?"

"దేనికైనా అదే!"

ఆరోజు కొండవాళ్ల సంత. భోజనాల వేళకు పందిరి నిండా వాళ్లే. వాళ్లు చేతులెత్తి కోరిన మిరపకాయ కారమే అందరి ఆకుల్లోనూ పడింది. చప్పటి పప్పు తప్ప ఎరగని నాయకుడు ఒక్క ముద్దకే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"ఎంతమంది ఉంటే మాత్రం, నా ఆకులో నాకూ ఒక కూర ఉండొద్దా?"

"ఆ మాటే రాయించండయ్యా," అంది గవరమ్మ.

సింగన్న పగలబడి నవ్వాడు.

"నవ్వకండి దొరా. అన్నం కూడా సీమకో గుండిగ అని సమంగా పెడితే పల్లపువాళ్లలో సగంమంది పస్తే. పస్తున్నవాళ్లు మీ పక్కన ఎన్నాళ్లు కూర్చుంటారు?"

సాయంత్రానికి శాసనం కుదిరింది. ఒక సభలో తలల లెక్క, ఇంకో సభలో రెండు సీమలూ సమానం. రెండు సభలూ ఒప్పుకుంటేనే చట్టం.

సంతకాలు పెట్టి ఇద్దరూ వంటశాలకొచ్చారు.

"నేనడిగింది సగమే దక్కింది," అని సణిగాడు నాయకుడు.

"నాకూ అంతేగా," అని సణిగాడు సింగన్న.

గవరమ్మ గరిటె కడిగి పక్కన పెట్టింది. "ఇద్దరూ సమంగా సణుగుతున్నారు. ఉప్పు సరిపోయినట్టే!"