కప్ప లేని రోకలి

ఈదయ్యకు జపం కుదుర్తలేదు. మఠం ఎనక కుంటల కప్పలు. పొద్దూకిందంటే ఒకటే ఒర్రుడు. చెవులల్ల దూది పెట్టుకున్నడు. అయినా ఇనవడ్తనే ఉండె.

పోయి గురువుకు చెప్పుకున్నడు. ఆయనను మేం బక్కసామి అంటుంటిమి.

"అవి వాటి జపం చేస్కుంటున్నయ్ బిడ్డా," అన్నడు సామి.

ఈదయ్య ఇనలే. చేన్లకు కొట్టే పురుగుమందు తెచ్చి కుంటల పోసిండు. తెల్లారేసరికి కప్పలన్ని ఎల్లెల్కల తేలినయ్.

"గీ ఒక్క కుంటల కప్పలు పోతే ఏమైతది సామీ? లోకం గింత పెద్దది. అదే సర్దుకుంటది."

సామి తిట్టలే. పొద్దూకినంక పక్కన కూసోబెట్టుకోని అడిగిండు.

"ఏమినవడ్తుంది?"

"ఏం లేదు సామీ. మస్తు నిమ్మళంగ ఉంది."

ఇగ దోమలు ముసిరినయ్. మింగేటి కప్ప లేకపాయె గద. కొంగలు కుంట దిక్కే వస్తలేవు. ఇంటికొకరు జరంతోటి మంచం పట్టిన్రు. అందరు లేచిన్రు. మా చిన్నబిడ్డ లేవలే.

మల్లేడు వాన రాలే. వాన రాకుంటే మా దిక్కు కప్పతల్లి ఆడుతం. రోకలికి యాపమండలు కట్టి, నడుమ పానమున్న కప్పను గుడ్డల మూటగట్టి ఇల్లిల్లు తిరుగుతం. ఇంటామె బిందెడు నీళ్లు పోస్తది. కప్ప ఒర్రాలె. అప్పుడే మొగులు ఇంటది.

ఎప్పుడైనా కప్పను ఆ కుంటలకెల్లే తెస్తుంటిమి. అందరం మఠంకే పోయినం. ఈదయ్య వాగు దాక ఉరికి, మోకాల్లోతు బురదల దేవులాడిండు. అందరి చేన్ల మందు ఆ వాగులకే వచ్చె. ఒక్కటి దొర్కలే.

ఆఖరికి బంకమట్టితోటి కప్పను చేసి తెచ్చిండు.

"ఇది ఒర్రుతదా, నువ్వే ఒర్రుతవా ఈదయ్యా?" అన్నది రాజవ్వ. ఎవరు నవ్వలే.

సామి రోకలి ఒక కొస ఈదయ్య భుజం మీద పెట్టిండు. ఇంకో కొస తనే ఎత్తుకున్నడు.

మొదలు మా ఇల్లే. బిందె ఎత్తి పోసిన. మట్టి కప్ప కరిగి, రోకలి పొంటి జారి ఈదయ్య రొమ్ము మీదికెల్లి కారింది. గుడ్డ ఖాళీ. ఈదయ్య ఆడనే నిలవడ్డడు.

"నడువు బిడ్డా. ఇంక ఇండ్లున్నయ్."

ఉత్త రోకలే ఊరంత మోసిన్రు. అందరు నీళ్లు పోసిన్రు. మొగులు మీద మబ్బు పొర గూడ లేదు.

రోకలి మాదే. పొద్దూకినంక తెచ్చుకుందామని మఠంకు పోయిన. ఇద్దరు కుంట గట్టున కూసున్నరు.

"ఏమినవడ్తుంది?" అన్నడు సామి.

ఈదయ్య రెండు చేతులతోటి చెవులు మూసుకున్నడు.