కన్ను ఒంట్లోది కాదట

కుంతలగిరి రాజ్యంలో పంట చేతికొచ్చినప్పుడల్లా ఇంటింటివాళ్లూ వైద్యపు గాదెలో కుంచెడు ధాన్యం పోసేవారు. అందుకు బదులుగా, ఒంటికి ఏ జబ్బు చేసినా ఆస్థాన వైద్యుడు చూసేవాడు.

ఆ గాదెకు కాపలావాడు గుర్రప్ప. కంటికి పొర కమ్మితే, వైద్యుడి దగ్గరికి పంపమని అడగడానికి గాదె అధికారి విరూపాక్షయ్య దగ్గరికి వెళ్లాడు.

"వైద్యం ఒంటికేనోయ్. కళ్లూ పళ్లూ అందులోకి రావు," అన్నాడు అధికారి.

గుర్రప్పకు వింతగా తోచింది. "ముక్కు వస్తుందాండి?"

"వస్తుంది."

"చెవి?"

"అదీ వస్తుంది."

"మరి ఆ రెంటి మధ్యనున్న కన్ను?"

"అది వేరు."

మర్నాడు అధికారి వచ్చేసరికి గాదె తలుపు తోసుకుని ఆబోతులు ధాన్యం మేస్తున్నాయి. గుమ్మం పక్కనే గుర్రప్ప కర్ర పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని నిలబడి ఉన్నాడు.

"ఇదేం కాపలారా?"

"ఒళ్లు కాపలాకి వచ్చిందండి. కళ్లు వేరన్నారు కదా, వాటిని పనిలో పెట్టలేదు."

అధికారి ఆబోతుల్ని అదిలించి చూశాడు, అవి కదల్లేదు. "సరే, నీ కంటికి వైద్యం చేయిస్తాను. ముందు కళ్లు తెరిచి ఈ ఆబోతుల్ని తోలు."

గుర్రప్ప కళ్లు తెరవలేదు. "మా ఆవిడకి పన్ను నొప్పండి. పళ్ల సంగతి కూడా తేల్చండి. ఆబోతులింకా నములుతూనే ఉన్నాయి, వినబడుతోంది. చెవులు ఒంట్లోవే కదండి."