రాతి బొరియలో పచ్చనీళ్లు

అదొక గాజు తొట్టి. నిండా సముద్రపు నీళ్లు, అడుగున ఇసుక, రాళ్లు, పైన దీపం. పొద్దున్నే ఒక మనిషి వచ్చి గ్లాసెడు పచ్చనీళ్లు పోసి పోతాడు. ఆ పచ్చదనమంతా కంటికి ఆనని నాచు, ప్రాణమున్న నాచు. దాన్ని తిని బతికేవి తొట్టిలోని నలకంత పురుగులు. వాటన్నిటికీ పెద్దదిక్కు చుక్కమ్మ. ఆమె పిల్లలింకా పసిగుడ్లు, ఎప్పుడూ ఆకలే.

ఒకసారి ఆ మనిషి రాలేదు. మర్నాడూ రాలేదు. చుక్కమ్మ పిల్లలు కొందరు కళ్లముందే రాలిపోయారు. తర్వాత పచ్చనీళ్లు పడ్డాయిగానీ ఆమెకు బెంగ పోలేదు.

అది కనిపెట్టాడు పీత. అడుగున తిరుగుతూ చచ్చినవాటిని ఏరుకు తినడం వాడి బతుకు.

"ఏం చెల్లెమ్మా, ఆ మనిషి మళ్లీ రాకపోతేనో?"

"అదే దిగులు పీతన్నా. పిల్లల మొహాలు చూళ్లేకపోతున్నా."

"మరి దాచుకోవచ్చుగా! నా రాతికింద బొరియుంది. రోజూ వచ్చే పచ్చనీళ్లలో సగం అందులోకి తోసెయ్యండి. ఆల్చిప్పతో మూసి నేను కాపలా కాస్తా."

"నువ్వు తినేస్తే?"

"బతికున్నదాన్ని నేను ముట్టను. ఒట్టు!"

ఆ మాట నిజం. నిజం కాబట్టే నమ్మింది, పిచ్చితల్లి.

అద్దానికి అతుక్కున్న నత్త ఊరుకోలేకపోయింది. "ఆ నాచుకి వెలుగుండాలే, చీకట్లో చచ్చిపోద్ది."

"అద్దం నాకేదానివి, నీకెందుకే మా ఇంటి సంగతి?" అని కసిరింది చుక్కమ్మ.

పిల్లలకు సగం కడుపే పెట్టి, మిగతాది బొరియలోకి తోయించింది. మారాం చేసినవాళ్లను తిట్టింది కూడా. కొన్నాళ్లకు మళ్లీ ఒకరోజు ఆ మనిషి రాలేదు. చుక్కమ్మ ధీమాగా పిల్లల్ని వెంటేసుకుని వెళ్లింది. పీత చిప్ప తీశాడు.

లోపల పసుప్పచ్చటి బురద. గుప్పున కంపు. ఆ కుళ్లు నీళ్లలో కలిసేసరికి పిల్లలు ఊపిరాడక ఒక్కొక్కరే ఇసుకమీదికి జారిపోయారు.

"కాపలా కాస్తానన్నావుగా!"

"కాశాగా. బతికుండగా ఒక్క నలుసు ముట్టానా?" పీత ఆ బురద ముద్దను డెక్కతో తీసి నోట్లో వేసుకున్నాడు. తర్వాత ఇసుకమీది పిల్లలవైపు కదిలాడు.

చుక్కమ్మ అడ్డం పడింది. నలకంత ఒళ్లు, ఏం ఆపుతుంది?

"ఇవీ బతికున్నవి కావు చెల్లెమ్మా, తప్పుకో" అన్నాడు పీత.

ప్రాణమున్న తిండిని చీకట్లో దాచమని సలహా ఇచ్చేవాడు, అది చచ్చాక ఎవరి కడుపు నిండుతుందో ముందే చూసుకుని ఉంటాడు.