ప్రచండవర్మను ముంచిన కేకు

కుంభగిరి రాజు ప్రచండవర్మగారు తన పుట్టినరోజుకి పందిరిమంచమంత కేకు చేయించారు. వంటశాలలో పనిచేసే నూకాలు దాని నిండా మెత్తటి వెన్న క్రీము పూసి, పైన చక్కెర ముద్దతో చేసిన చిన్న చిన్న తామరలు అద్దుతోంది. మంత్రుల్ని వెంటేసుకుని వచ్చిన రాజుగారు ఆ తామరల్ని చూసి మొహం మాడ్చుకున్నారు.

"పువ్వులెందుకే? పైన నా బొమ్మ పెట్టు. నా అంత ఉండాలి."

"అంత బరువు క్రీము మీద నిలవదు ప్రభూ. మునిగిపోతుంది."

"రాజు మునగడమా? నన్ను ముంచినవాళ్ల తల తీయిస్తా!"

నూకాలుకి బొమ్మ పెట్టినా ముప్పే, పెట్టకపోయినా ముప్పే. కాసేపు ఆలోచించి చేతులు జోడించింది.

"తమరు ఒక్కసారి కేకు మీద కూర్చుని చూపిస్తే, అచ్చు అలాగే చేస్తాను ప్రభూ."

రాజుగారు మురిసిపోయి, నిచ్చెన వేయించుకుని ఎక్కి, ఠీవిగా కూర్చున్నారు. చూస్తుండగానే ఛాతీ దాకా దిగబడిపోయారు.

"ఎవరే నన్ను ముంచింది?" అని రాజుగారు గర్జించారు.

"ఎక్కింది తమరు, ముంచింది కేకు. తమ ఆజ్ఞ ప్రకారం దాని తలే తీయాలి," అంటూ నూకాలు కత్తి అందుకుంది.

రాజుగారు ఏదో అనబోయారు. ఇంతలో మీసాలకి అంటిన క్రీము నాలుకకి తగిలింది. ఆయన ఒక్క క్షణం కళ్లు మూసుకున్నారు.

"శిక్ష అమలు చెయ్యి," అన్నారు గంభీరంగా. "మొదటి ముక్క ఇక్కడికే పంపించు. నేనెలాగూ లేవలేను."