హనుమాయమ్మ మూడో పిడికెడు

అనగనగా, కుట్టుమిషన్ల చప్పుడుతో తెల్లవారే ఒక ఊళ్ళో, హనుమాయమ్మ అని జాకెట్లు కుట్టే ఆవిడ ఉండేది. ఊఁ కొడుతున్నావా, బంగారం? ఆవిడ కుట్టే అద్దె గదంటే ఆవిడకి ప్రాణం. ఒకరోజు గది యజమాని రంగనాయకులు గారు వచ్చి, "ఉగాదికి ఇది అమ్మేస్తానమ్మా. ఆ రోజుకి డబ్బు తెస్తే నీకే, లేకపోతే వేరేవాళ్ళకి" అన్నారు.

హనుమాయమ్మ దాచుకున్నదంతా షేర్లలో ఉంది. షేరంటే పెద్ద కంపెనీలో చిన్న ముక్క. కంపెనీ బాగుంటే ముక్క ధర పెరుగుతుంది, జనం హడలిపోతే పడిపోతుంది.

ఆవిడకో అలవాటుంది. అన్నం వండేముందు కొలిచిన బియ్యంలోంచి పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. షేర్లకీ అదే పద్ధతి పెట్టింది, ధర పెరిగినప్పుడల్లా కొన్ని అమ్మి ఆ డబ్బు వేరే దాచడం. మూడు పిడికిళ్ళు తీస్తే గది వస్తుంది.

శ్రావణంలో షేర్లు పెరిగాయి. అప్పుడు పిడికెడు అమ్మి పోస్టాఫీసులో వేసింది. దీపావళికి ఇంకా పెరిగాయి. అప్పుడూ పిడికెడు తీసింది. ఆ తర్వాత మాఘంలో ఆకాశాన్నంటాయి. మొగుడు ఆదియ్య, "పెరిగేదాన్ని తెంపుతావేమే, పిచ్చిదానా? ఇంకో నెల ఆగు" అని నవ్వాడు. హనుమాయమ్మకీ ఆశ పుట్టింది, నీ దగ్గర దాపరికమెందుకు! ఆసారి తియ్యలేదు.

ఫాల్గుణంలో మార్కెట్ ఢామ్మని పడింది. షేర్ల ధర సగమైపోయింది. "అన్నీ అమ్మెయ్యవే, ఉన్నదైనా దక్కుతుంది!" అని ఆదియ్య గోల పెట్టాడు. హనుమాయమ్మకీ అమ్మేద్దామనిపించింది. అయినా ఆగి ఆలోచించింది. పోస్టాఫీసులో రెండు పిడికిళ్ళు భద్రంగా ఉన్నాయి, తక్కువైంది ఒక్కటే. అప్పుడు ఆ ఒక్కదానికి సరిపడానే అమ్మింది. ధర సగం కదా, పిడికెడు డబ్బుకి రెండు పిడికిళ్ళ షేర్లు పోయాయి. ఏడుపొచ్చింది పాపం. మిగతావాటి జోలికి మాత్రం పోలేదు.

ఉగాది పొద్దున డబ్బిచ్చి, గది తన పేరు మీద రాయించుకుంది.

"నువ్వు నా మాట వినకుండా ఉండాల్సింది" అన్నాడు ఆదియ్య తల దించుకుని.

"ఆశ నాకూ పుట్టిందిగా, పోనీలేవయ్యా" అంది.

అద్దెకున్న పదకొండేళ్ళూ రంగనాయకులు గారు ఆ గోడకి ఒక్క మేకైనా కొట్టనిచ్చేవారు కాదు. తగిలించే చోటు లేక కుట్టిన జాకెట్లన్నీ ఒళ్ళోనే పెట్టుకునేది. ఆ రోజు సుత్తి తెచ్చి మొగుడి చేతికిచ్చింది.

"గట్టిగా కొట్టు. ఇక ఎవరూ ఏమీ అనరు."

కథేమో కంచికి,
హనుమాయమ్మ తన గదికి,
నువ్వూ నేనూ నిద్రకి.